నాలుగుకు ముప్ఫై ఎనిమిది

దర్జీ అక్క అపరాధ పరిశోధకుడి గుమ్మంలోనే ఆగిపోయింది. ఆమె చేతిలో ఒక గణిత పత్రిక అచ్చు ప్రూఫు ఉంది.

"ఈ లెక్క చనిపోయిన మా తమ్ముడిదండీ. చూసిస్తానని లెక్చరరు గారు నోట్‌బుక్కు పట్టుకెళ్లారు. ఇప్పుడు తన పేరుతో అచ్చేయించుకుంటున్నారు. అడిగితే, గుండీలేరేవాడికి గణితమా, పోలీసులకు చెబుతానంటున్నారు. వాడి పేరు ఉండాలండీ. అంతే."

తమ్ముడు చొక్కాల ఫ్యాక్టరీలో గుండీలు ఏరేవాడు. తీరిక దొరికితే వాటిని ఒకటి, రెండు, మూడు చొప్పున వరసలు కట్టి త్రిభుజంగా పేర్చేవాడు. అలా లోటూ మిగులూ లేకుండా కుదిరే సంఖ్యల్లో రెండుతో భాగమయ్యే మొదటిది ఏది? మూడుతో? నాలుగుతో? ఒక్కొక్కటే వెతికి రాసుకున్నాడు. రెండుకు ఆరు, మూడుకు మూడు, అయిదుకు పది.

"అతని చేతిరాత ఏమైనా ఉందా?" అన్నాడు పరిశోధకుడు.

ఆమె ఒక గుండీల పొట్లం తీసింది. పరిశోధకుడి సహాయకురాలు దాని మీది చీటీ చదివింది. "ముప్ఫై నాలుగు." విప్పి లెక్కపెడితే ఇరవై నాలుగే!

"వాడు తెలుగు అంకెలే వేసేవాడమ్మా. వాడి రెండుకు తోక ఎక్కువ, మూడులా కనిపిస్తుంది."

పరిశోధకుడు ప్రూఫులో నాలుగుకు ఎదురుగా ఉన్న ముప్ఫై ఎనిమిది మీద వేలు పెట్టాడు.

మర్నాడు పత్రిక సంపాదకుడి గదిలో లెక్చరరుతో సహా అందరూ కూర్చున్నారు.

"నాలుగుకు ముప్ఫై ఎనిమిది అన్నారు. ఇవిగో అన్ని గుండీలు, పేర్చండి సార్," అన్నాడు పరిశోధకుడు.

ఎనిమిది వరసలు పూర్తయ్యాయి. లెక్చరరు వేళ్ల మధ్య రెండు గుండీలు మిగిలిపోయాయి.

"అచ్చుతప్పయ్యుంటుంది."

"మీరు రాసిచ్చిన కాగితంలోనూ అదే ఉంది," అన్నాడు సంపాదకుడు.

"అయితే ముప్ఫై ఆరు."

"దానికి ముందే ఇరవై ఎనిమిది ఉంది సార్," అన్నాడు పరిశోధకుడు. "తోక రెండును మీరు మూడనుకున్నారు. పేర్చి కనుక్కున్నవాడు ఇలా పొరబడడు. చూసి రాసుకున్నవాడే పొరబడతాడు."

లెక్చరరు వేళ్ల మధ్య ఉన్న రెండు గుండీలనూ బల్ల మీద పెట్టేశాడు.

"మరి పదహారుకు?" సహాయకురాలు ఆగలేక అడిగింది.

"నాలుగు వందల తొంభై ఆరు," అంది అక్క మెల్లగా. "రెండుకు మూడు వరసలు, నాలుగుకు ఏడు, ఎనిమిదికి పదిహేను, పదహారుకు ముప్ఫై ఒకటి. ఇలా పోతూ ఉంటే లోకంలో గుండీలు చాలవక్కా అనేవాడు."

సహాయకురాలికి ఆ వరసలు గోడలు దాటి పోతున్నట్టనిపించింది.

సంపాదకుడు కలం తీశాడు. "పేరు చెప్పండమ్మా."

ఆమె ఒక్కో అక్షరం విడదీసి చెప్పింది. చివర దీర్ఘం ఉందని రెండుసార్లు చెప్పింది.