‘మన’ అంటే ఎవరు?

అంగారకుడి మీద నిద్రలేవగానే ఎవరైనా ముందు చూసేది గాలి ముల్లునే. ప్రతి ఇంటి గుమ్మం పక్కనా గోడకి గుండ్రటి డబ్బా, అందులో ఎర్రటి ముల్లు ఉంటాయి. ముల్లు తొంభై దాటి ఉంటే నిశ్చింతగా కాఫీ పెట్టుకోవచ్చు. ఎనభైకి దిగితే పిల్లల్ని పరుగెత్తొద్దని కసరాలి. ఆ ఉదయం తూర్పు గుహలో ముల్లు తొంభై రెండు చూపిస్తున్నా మందాకినికి కాఫీ గొంతు దిగలేదు. కారణం ఒక్కటే. ఆమె ఒక్కగానొక్క కూతురు ఇందుకళ కాపురముంటున్న పడమటి గుహలో ముల్లు అరవై నాలుగు దగ్గరుంది.

పడమటి గుహవాళ్ళ పెద్ద కంప్రెసర్ మూడు రోజుల కిందట కూలబడింది. ఇక బాగుపడే రకం కాదని తేల్చేశారు. ఇప్పుడు తూర్పు గొట్టాన్నీ పడమటి గొట్టాన్నీ కలిపేయడమొక్కటే దారి. గొట్టాలు బిగించేవాళ్ళు బిగించేశారు కూడా. మిగిలిందల్లా గాలి నియమావళి. ఏ కవాటం ఎప్పుడు తెరవాలో, ఏది ఎప్పుడు మూయాలో చెప్పే ప్రోగ్రామ్ అది. పదకొండేళ్ళ కిందట దుమ్ము తుఫానుకి సొరంగం కూలి రెండు గుహలకీ రాకపోకలు తెగిపోయాక, ఎవరి నియమావళిని వాళ్ళు తమకి తోచినట్టు మార్చుకుంటూ పోయారు. సొరంగం మళ్ళీ తవ్వుకుని ఏడాదే అయింది. ఆ ఏడాదిలోనే ఇందుకళ అటువైపు ఆసుపత్రిలో పనికని వెళ్ళడం, అక్కడి కుర్రాణ్ణి పెళ్ళాడటం కూడా జరిగిపోయాయి.

రెండు నియమావళులనీ ఒక్కటి చేయాల్సింది ప్రతిపాలిక అనే యంత్రం. పాతకాలపు ప్రోగ్రామర్లు వెర్షన్ కంట్రోల్ అనేవారే, దానికిది మనవరాలి వరస. ఎవరు ఏ అక్షరం మార్చినా పాతదాన్ని పారేయకుండా భద్రంగా దాస్తుంది, మార్చినవాళ్ళ పేరు కింద రాసిపెట్టుకుంటుంది. విడివిడిగా పెరిగిన ప్రతుల్ని శాఖలంటుంది. శాఖల్ని కలపడం విలీనం. ఒకే వాక్యం దగ్గర రెండు శాఖలూ పేచీ పెట్టుకుంటే అది సంఘర్షణ. తెలుగులో మాట్లాడుతుంది, తెలుగులో వింటుంది. అయితే మొండిఘటం. అమరికలన్నీ, అంటే ముందుగా అది అడిగే సెట్టింగులన్నీ, పూర్తిచేస్తే తప్ప పని మొదలుపెట్టదు. మొదలుపెట్టాక అక్షరం అటూ ఇటూ కానివ్వదు.

అమరికలకి తూర్పు గుహలోని యంత్రం ముందు రెండు వైపుల నుంచీ ఒక్కొక్కరు కూర్చోవాలి. తూర్పు తరఫున ముప్ఫై ఏళ్ళుగా నియమావళి రాస్తున్న మందాకిని. పడమటి తరఫున అక్కడి గొట్టాల ఇంజనీరు పున్నారావు. ఆయన స్వయానా ఆమె వియ్యంకుడు.

“చెల్లెమ్మా, పిల్లనిచ్చారు, ఇప్పుడు గాలి కూడా ఇస్తున్నారు. ఇన్ని లాంఛనాలు మా వంశంలో ఎవరూ పుచ్చుకోలేదు,” అన్నాడాయన కుర్చీలో కూలబడుతూ. నవ్వాడే గానీ ఆయన చూపు గడియారం మీదే ఉంది.

“అన్నయ్యగారూ, వేళాకోళాలకి చాలా టైముంది, ముందు ఇది కానివ్వండి,” అంది మందాకిని. గోడ గడియారంలో పదీ ఐదు. పన్నెండున్నరకి పడమట ముల్లు యాభైకి పడుతుందని లెక్క. యాభై అంటే పిల్లలూ ముసలివాళ్ళూ మగతలోకి జారిపోతారు. అక్కణ్ణుంచి ఎంతసేపో ఆమె లెక్కపెట్టదలుచుకోలేదు.

“నమస్కారం. మొదటి అమరిక. మార్పుల కింద రాయాల్సిన మీ పేర్లు చెప్పండి,” అంది ప్రతిపాలిక. చెప్పారు. చిరునామాలు అడిగింది. చెప్పారు. పట్టించుకోనక్కర్లేని దస్త్రాల జాబితా అడిగింది. పాత రిపేరు చిట్టాలూ, వంటగది హెచ్చరికలూ చెప్పారు. అంతా పావుగంటలో అయిపోయింది. మందాకినికి కాస్త ఊపిరాడింది.

“ఆఖరి అమరిక. సంఘర్షణ వస్తే ఎవరి ప్రతి నిలవాలి? ‘మాది’ అనవచ్చు, ‘వాళ్ళది’ అనవచ్చు.”

“సంఘర్షణలేమైనా ఉన్నాయా?” అడిగింది మందాకిని.

“ఒక్కటే ఉంది. నాలుగువేల నూటపన్నెండో వాక్యం. రెండు శాఖల్లోనూ అక్షరం తేడా లేకుండా ఒకేలా ఉంది. ‘పీడనం సగానికి తగ్గితే మావాళ్ళ గదులకే గాలి ఇవ్వాలి, వాళ్ళ గదుల కవాటాలు ముందు మూయాలి.’ తూర్పు శాఖలో వాళ్ళంటే పడమటివాళ్ళు. పడమటి శాఖలో వాళ్ళంటే తూర్పువాళ్ళు.”

ఆ వాక్యం తూర్పు ప్రతిలో రాసింది మందాకినే. సొరంగం కూలిన నెలలో, అవతలివాళ్ళు మన ఆక్సిజన్ లాగేసుకుంటున్నారని పుకారు పుట్టినప్పుడు రాసింది. పున్నారావు మెడ వంచుకున్న తీరు చూస్తే అటువైపు రాసిందెవరో అడగక్కర్లేదు.

‘మాది’ అంటే కష్టకాలంలో మూసుకునే మొదటి కవాటం కూతురింటిది. ‘వాళ్ళది’ అంటే తనని నమ్ముకున్న తూర్పు గుహ మొత్తానికీ తలుపులు పడతాయి. ఉన్నట్టుండి ఆమెకి ఒక ఆలోచన తట్టింది.

“మాదీ కాదు, వాళ్ళదీ కాదు. ‘మన’ అని రాయి,” అంది.

“భేష్ చెల్లెమ్మా!” అన్నాడు పున్నారావు.

ప్రతిపాలిక ఒప్పుకుంది. “రాయవచ్చు. ‘మా’ అంటే ఎదుటివాళ్ళు లేరు, ‘మన’ అంటే ఎదుటివాళ్ళూ ఉన్నారు. కానీ ‘మన’ అంటే ఎవరెవరో నాకు పేర్లు కావాలి. ఇద్దరూ విడివిడిగా చెప్పండి. ఇద్దరి జాబితాల్లోనూ ఉన్న పేర్లే ‘మన’ కింద లెక్క.”

“అందరూ అని రాసుకోరాదూ?”

“‘అందరూ’ పేరు కాదమ్మా.”

ఇద్దరూ చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని చెరో మూలకి వెళ్ళి జాబితాలు చెప్పారు. పదకొండేళ్ళు ఎవరి గుహలో వాళ్ళు బతికిన మనుషులు కదా, తమవాళ్ళ పేర్లకి తడుముకోనక్కర్లేకపోయింది. వచ్చి కూర్చునేసరికి పదీ ముప్పావు అయింది. తెర మీద పడమటి ముల్లు అరవై ఒకటికి దిగింది.

“విలీనం చేశాను,” అంది ప్రతిపాలిక. “ఇద్దరి జాబితాల్లోనూ ఉన్న పేరు ఒక్కటే. ఇందుకళ. ‘మన’ అంటే ఇందుకళ. ఖరారు చేయమంటారా?”

వద్దని అరవాలి. మందాకిని అరవలేదు. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఆమెకి గుండెల మీద నుంచి బండ దించినట్టయింది. లోకమంతా ఏమైనా కానీ, నా బిడ్డకి గాలి ఉంటుంది. ఆ మాట మనసులో పూర్తయ్యాక సిగ్గుతో ఆమె మొహం కందిపోయింది.

“మావాడి పేరు లేదా చెల్లెమ్మా మీ జాబితాలో?” అన్నాడు పున్నారావు. ఆయన గొంతులో ఇందాకటి హాస్యం లేదు. “సొంత అల్లుణ్ణి కూడా వదిలేశారా?”

“మరి నా పేరు మీరు చెప్పారా అన్నయ్యగారూ?”

ఆయన లేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని, ఒకే ఫ్లాస్కులో టీ పంచుకుని, ఒకరి పేరొకరు చెప్పలేదు. పోనీ ఎవరి మీదైనా కసి ఉండి చేశారా అంటే అదీ కాదు. తట్టలేదు, అంతే.

“జాబితాలు తెరువు. పేర్లు కలుపుతాం,” అంది మందాకిని. “నా జాబితా ఆయనకీ, ఆయన జాబితా నాకూ అతికించెయ్యి.”

“అతికించడం కుదరదు. ‘మన’ అంటున్నవాళ్ళే ఒక్కొక్క పేరూ నోటితో పలకాలి. నన్ను అలా కట్టారు.”

ఇక చూడండి ఆ ఇద్దరి అవస్థ! తూర్పున మూడువందల పన్నెండు మంది. పడమట రెండువందల ఎనభై ఆరు. ఆయన చెబితే ఆమె పలకాలి, ఆమె చెబితే ఆయన పలకాలి. “భూషణం.” “భూషణం.” “తాయారు.” “తాయారు.” “తాయారు కూతురు చిట్టి తాయారు.” “అయ్యో, ఇద్దరూ ఒకే పేరా?” “పలకండి చెల్లెమ్మా, పలకండి!” మధ్యలో ఆమె ఫోను రెండుసార్లు వణికింది. ఇందుకళే. ఎత్తితే పేర్ల వరస తప్పుతుందేమోనని ఎత్తలేదు. అక్కడేం మునిగిందోనని ప్రాణం కొట్టుకుంటూనే ఉంది. గొంతు బొంగురుపోయింది. నాలుగొందల పేర్లు దాటేసరికి ఎవరి తాతకి మోకాళ్ళ నొప్పో, ఎవరి పిల్ల బాగా పాడుతుందో, చివరి గదిలో ఎవరు ఒంటరిగా ఉంటారో కూడా ఒకరికొకరు చెప్పేసుకుంటున్నారు. వద్దనుకున్నా నోరు ఆగదు కదా.

పదకొండూ యాభైకి ఆఖరి పేరు పలికారు. పడమట ముల్లు యాభై నాలుగు.

“ఐదువందల తొంభై ఎనిమిది పేర్లు. ‘మన’ పూర్తయింది,” అంది ప్రతిపాలిక. పున్నారావు కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. “ఇప్పుడు ‘వాళ్ళు’ చెప్పండి.”

“ఏ వాళ్ళు?”

“పీడనం సగానికి తగ్గితే వాళ్ళ కవాటాలు ముందు మూయాలని వాక్యం. ‘వాళ్ళు’ అనే చోటు ఇప్పుడు ఖాళీగా ఉంది. ఖాళీగా ఉంటే వాక్యం చెల్లదు. వాక్యం చెల్లకపోతే నియమావళి నడవదు. గొట్టం తెరుచుకోదు.”

“ఆ వాక్యమే కొట్టెయ్యి!”

“కొట్టేస్తే నిజంగా గాలి తగ్గిననాడు ఏది ముందు మూయాలో నాకు తెలియదు. తెలియకపోతే ఏదీ మూయను. అప్పుడు ఎవరికీ చాలదు. ఎవరో ఒకరు ‘వాళ్ళు’ కావాలమ్మా.”

మందాకిని గడియారం చూసింది. పున్నారావు మందాకినిని చూశాడు. “వచ్చే ఏడు భూమి నుంచి ఓడ వస్తోందిగా...” అని నసిగాడు. “నలభై మందట. వాళ్ళెవరో ఏమో. వచ్చినప్పుడు చూసుకుందాం లెద్దురూ.”

“పేర్లు తెలియవే!” అంది మందాకిని.

“‘మన’కి పేర్లు కావాలి,” అంది ప్రతిపాలిక. “‘వాళ్ళు’కి అక్కర్లేదు.”

హమ్మయ్య అనుకుంది మందాకిని. ఆ నలభై మంది మీద ఆమెకేం కోపం లేదు. మొహాలు కూడా ఎరగదు, అందుకే అంత తేలికగా అనగలిగింది. “ఇంకా రానివాళ్ళు అని రాసుకో.”

“ఇంకా రానివాళ్ళు. అంతేనా?”

“అంతే. ఖరారు.”

గోడ అవతల ఎక్కడో దడదడమని గొట్టం నిండుతున్న చప్పుడు. పడమటి ముల్లు యాభై మూడు దగ్గర ఆగి, వణికి, యాభై నాలుగైంది. తర్వాత యాభై ఏడు. పున్నారావు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. మందాకిని కుర్చీలోంచే, మళ్ళీ మోగుతున్న ఫోను ఎత్తింది.

“ఎన్నిసార్లు చేయాలే అమ్మా నీకు!” అంది అటునుంచి ఇందుకళ. ఆయాసపడుతూనే నవ్వుతోంది. “గాలి వస్తోంది, చల్లగా తగులుతోంది మొహానికి. అది సరే గానీ, విను. పొద్దున నాకు పరీక్ష చేశారు. మూడో నెలట. నువ్వు అమ్మమ్మవి కాబోతున్నావు.”

“ఏమిటే!” అని మందాకిని లేచి నిలబడింది. “అన్నయ్యగారూ, విన్నారా? మనకి...” మాట పూర్తికాలేదు, ఏడుపొచ్చేసింది. పున్నారావు రెండు చేతులూ పైకెత్తి దణ్ణం పెట్టాడు.

“అభినందనలు,” అంది ప్రతిపాలిక. “ఆసుపత్రి నమోదు నాకూ అందింది. కొత్త మనిషి. ‘మన’ పట్టికలో పేరు లేదు. అమరిక ప్రకారం ‘ఇంకా రానివాళ్ళు’ కింద వేశాను. ఆ శిశువు ఉన్న గది కవాటం ముందుగా మూసుకునేవాటిలో చేరింది.”

ఆ శిశువు ఉన్న గది. అంటే ఇందుకళ ఉన్న గది.

“అమ్మా? ఏమైందే? మాట్లాడవేం?”

“ఏం లేదురా. మళ్ళీ చేస్తాను. పడుకో,” అని ఫోను పెట్టేసి ఆమె యంత్రం మీద పడింది. “మార్చు! ఇప్పుడే మార్చు! ఆ బిడ్డ మనవాడు!”

“పేరు చెప్పండి.”

“పుట్టని బిడ్డకి పేరేమిటి!”

“పుట్టాక ఆసుపత్రి నమోదులో ఎక్కిన పేరే చెల్లుతుంది, అది లేనిదే ‘మన’లో వేయలేను. ‘వాళ్ళు’ మార్చగలను. ఇంకా రానివాళ్ళని తీసేస్తాను, ఆ చోట ఎవరిని రాయమంటారో చెప్పండి. తీసేశాక ఖాళీగా ఉన్నంతసేపూ గొట్టం మూసి ఉంటుంది. ముందే అనుకుని చెప్పండి.”

భూమి నుంచి వచ్చేవాళ్ళు అందామా అంటే ఆ మాటా నడవలేదు. ‘వాళ్ళు’ ఇప్పటికి ఏదో ఒక గదిలో ఉండి తీరాలట. గది లేని మనుషులకి మూయడానికి కవాటం ఉండదు. ఇందాక ఆ తిరకాసు ఎందుకు పెట్టలేదని పున్నారావు అరిచాడు. అప్పటికే ఆసుపత్రి నమోదు తనకి చేరి ఉందనీ, ఇంకా రానివాళ్ళలో ఒకరికి గది ఉందనీ, అందుకే వాక్యం చెల్లిందనీ ప్రతిపాలిక నెమ్మదిగా జవాబిచ్చింది.

తెర మీద ఐదువందల తొంభై ఎనిమిది పేర్లూ వెలుగుతున్నాయి. ఇద్దరూ వాటిని వరసగా చదవసాగారు. ఒక్కొక్క పేరూ వాళ్ళ నోటితో పలికిందే. ఇద్దరిలో ఎవరూ తమ పేరు దగ్గర ఆగలేదు. మందాకిని చూపు కుడివైపు వరసల్లో, పడమటి పేర్ల మీద పైనుంచి కిందికి నడుస్తోంది.

పున్నారావు వేలు ఎడమవైపు వరసల్లో, తూర్పు పేర్లలో ఒకదాని దగ్గర ఆగింది.

“చెల్లెమ్మా, మీవైపు ఆ చివరి గదిలో ఒంటరిగా ఉంటాడన్నారే ఒకాయన,” అన్నాడు మెల్లగా. “ఆయనకి వెనకా ముందూ ఎవరైనా ఉన్నారా?”