ఆగిన రంపం

శుక్రవారం మధ్యాహ్నం మార్కాపురం పలకల షెడ్డులో ఒక పెట్టె మాయమైంది.

రాయి కోసే రంపం పైన, గోడకు నాలుగు మేకులు. వాటి మధ్య చదరంగా శుభ్రమైన చోటు. చుట్టూ వేలు మందాన దుమ్ము.

ఎస్సై యేసుమణి 2.20కి వచ్చింది.

"ఏముంది ఆ పెట్టెలో?"

"పాత ఫోను, దానికి తగిలించిన రిలే స్విచ్చి అమ్మా," అన్నాడు మెకానిక్ నాగులు. "మిస్డ్ కాలిస్తే రంపం తిరుగుతాది. ఇంకోటిస్తే ఆగుతాది. రైతులు బోరు మోటారుకు పెట్టుకుంటారే, అదే. 2011లో ఈడ బిగించినా."

"దానికింత గోలేంది?"

"చంద్రశేఖరరావు సారు ఇదే పనికి 2016లో పేటెంట్ తెచ్చుకున్నాడు. నేను బిగించిన పెట్టెలన్నీ పీకెయ్యాలంట. ఈ పనిలో ఉండే ఎవడికైనా తట్టేదేనని రుజువైతే పేటెంట్ నిలవదని లాయరు చెప్పినాడు. సోమవారమే విచారణ. నా రుజువు ఆ పెట్టే. అది లేకుంటే నా పని అయిపోయినట్టే."

కూలి శ్రీశైలమ్మ ముందుకొచ్చింది.

"వసారాలో సద్ది తింటా ఉన్నాం. బండ సగం తెగింది. ఉన్నట్టుండి రంపం ఆగిపాయ. కరెంటు పోయిందిలే అనుకున్నాం."

"ఎన్నింటికి?"

"ఒకటింబావుకు లేయాల గదా. గడియారం చూస్తానే ఉంటిని. ఇంకొక్క నిమిషం ఉండె."

"నీ నెత్తిన ఫ్యాను?"

"తిరగతానే..." శ్రీశైలమ్మ నోరు తెరిచింది. "అవునే!"

నాలుగింటికి చంద్రశేఖరరావును పిలిపించారు. 2015 దాకా ఈ షెడ్డును బాడుగకు నడిపిన మనిషి. ముక్కుకు సెంటు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

"ఒంటిగంటకు ఎక్కడున్నారు?"

"ఇంట్లో. భోజనం."

"ఆ పెట్టె సంగతి?"

"బోరుదనుకున్నా మేడం. ఫోనుతో రాయి మిషన్ నడపొచ్చని నాకంటే ముందు ఎవరికీ తట్టలేదు. ఈ నాగులుగాడికి తట్టుద్దా?"

యేసుమణి మెయిన్ స్విచ్ చూపించింది. పిడి మీద దుమ్ము చెదరలేదు.

"చెయ్యి పడలేదు. ఫ్యాను తిరుగుతానే ఉంది, కరెంటూ పోలేదు. మరి రంపం ఎట్ల ఆగింది?"

ఆమె రంపం పైన ఉన్న మేకుల వైపు చెయ్యి చూపించింది.

"తిరిగే రంపం మీదుగా చెయ్యి చాపాలంటే ఎవడికైనా భయమే. ముందు దాన్ని ఆపాల. స్విచ్ ఆడోళ్లు తినే వైపుంది. అందుకని దొంగ వెనక తలుపు కాడ నిలబడి ఫోన్ చేసినాడు. సారూ, మీ ఫోనివ్వండి."

రుమాలు కిందికి దిగింది.

అవుట్‌గోయింగ్, 1.14. సేవ్ చేసిన పేరు: 'రంపం షెడ్డు'.

"పెట్టె ఎక్కడ?"

"క్వారీ నీళ్లల్లో."

5.40కి కానిస్టేబుల్ దాన్ని పైకి తీశాడు. కుళ్లిన పాచి కంపు. నాగులు చొక్కాతో తుడిచి చూశాడు.

"ఇది ఇంక పని చెయ్యదమ్మా."

"చెయ్యాల్సిన పన్లేదు. ఈ పెట్టె రంపాన్ని ఆపుతాదని చెప్పేదానికి 1.14 కాల్ చాలు." యేసుమణి చంద్రశేఖరరావు వైపు తిరిగింది. "ఎవరికీ తట్టదంటివే సారూ. దొంగతనానికి పోతా పోతా నీకు మొదట తట్టింది నాగులు పెట్టెకు ఫోన్ చెయ్యడమే గదా."

అతని ఫోన్‌ను కానిస్టేబుల్‌కిచ్చి, ఆ చేతిని ప్యాంటుకు రెండుసార్లు తుడుచుకుంది.