నడుమెత్తున అద్దం

"మా అత్తయ్యగారికి నేను నిద్రమందు పెట్టేనంటున్నారండి," అంది జ్యోతిర్మయి, కుర్చీ అంచున కూర్చుని. "నేను పెట్టలేదండి. ఆ మాట నమ్మే మనిషి ఒక్కరైనా కావాలని వచ్చేను."

అమలాపురం గడియార స్తంభం దగ్గర జెరాక్స్ షాపు మేడ మీద ఉంది డిటెక్టివ్ దేవసహాయం ఆఫీసు. అక్కడికి వచ్చేవాళ్లు ఎక్కువగా పెళ్లికొడుకుల గుట్టు కనుక్కోమని వస్తారు. ఇలా వణికిపోతూ వచ్చిన మనిషిని అసిస్టెంటు పద్మశ్రీ చూసి చాలాకాలమైంది. మంచినీళ్లు ఇచ్చి ఆమె పక్కనే నిలబడింది.

జ్యోతిర్మయిది ఉప్పలగుప్తం దగ్గర ఊరు. మామగారు సోమేశ్వరరావు కొబ్బరి రైతు. పేగు క్యాన్సర్‌కి ఆపరేషన్ చేసి, పేగు కొస పొట్ట మీదికి తెచ్చి, మలం పడేందుకు సంచి తగిలించారు. ఇంటికొచ్చాక నిద్ర పట్టడం లేదంటే డాక్టరు రాత్రికో నిద్రమాత్ర రాశాడు. ఈమధ్య ఒక తెల్లవారుజామున అత్తగారు సత్యవేణి కాలవ రేవు మెట్ల మీద తూలి నీళ్లలో పడింది. పక్కింటివాళ్లు చూడబట్టి బతికింది. ఆస్పత్రి పరీక్షలో ఆమె ఒంట్లో నిద్రమందు ఉందని తేలింది. ఆమె ఏ మాత్రా వేసుకోదు.

"మాత్రలు అయిపోయినప్పుడల్లా కొనుక్కొచ్చేది నేనండి. రాత్రి మజ్జిగ కలిపేదీ నేనే. ఈ చాకిరీ వదిలించుకుని మస్కట్‌లో మావారి దగ్గరికి పోవాలని చేసేనంటున్నారు దొరబాబుగారు. అత్తయ్యగారి తమ్ముడండి. మావారికి ఫోన్ చేసి ఆ మాటే చెప్పేసేరు. అప్పట్నుంచి మావారు నా ఫోను ఎత్తట్లేదు."

"మీ మామగారు ఏమంటారు?"

"ఆయనకి తెలీదండి. జబ్బు మనిషికి చెప్పొద్దన్నారు. కాలు జారి పడ్డారనే చెప్పేం."

"అత్తగారు?"

"ఏమీ అన్లేదండి." జ్యోతిర్మయి మంచినీళ్ల గ్లాసు బల్ల మీద పెట్టింది. "నావంక చూడ్డం మానేసేరు."

దేవసహాయం లేచి చెప్పులు వేసుకున్నాడు.

వాళ్లు వెళ్లేసరికి దొరబాబు అరుగు మీద కాలు మీద కాలేసుకుని ఉన్నాడు. "పెళ్లిళ్ల డిటెక్టివ్‌గారు కదూ? మా అక్కకి ఎప్పుడో పెళ్లయిపోయిందండి."

"ఆయ్. కాపురం ఎలా ఉందో చూసి పోదామని వచ్చేనండి," అన్నాడు దేవసహాయం, కోపం లేకుండా.

నుదుటి కట్టుతో సత్యవేణి వంటింటి గడప దగ్గర బీరకాయలు చెక్కు తీస్తోంది. ఆ రాత్రి అందరూ తిన్నదే తిన్నానంది.

"తాగిందేమిటమ్మా?"

"ఆయన తాగి మిగిల్చిన మెంతి మజ్జిగండి. ఇంట్లో ఆయన గ్లాసు ఎవరూ ముట్టుకోరు. ఆ జబ్బు అంటుకుంటుందని మా తమ్ముడి భయం. అంటదని డాక్టరుగారు చెప్పేరు. చెప్పకపోయినా తాగుదును. పెళ్లయిన కాడ్నుంచీ ఆయన మిగిల్చింది నేనే తాగుతాను."

"చేదనిపించలేదా?"

"మెంతులు చేదే కదండీ!" అని నవ్వింది.

"రాత్రిళ్లు నిద్రపోతారా?"

ఆమె చేతిలో బీరకాయ ఆగింది. "ఓరోజు సంచి ఊడి పక్కంతా తడిసిపోయిందండి. చంటిపిల్లాడిలా ఏడ్చేరు. ఆ రాత్రినుంచి కుర్చీ వేసుకుని కాపలా కూర్చునేదాన్ని. ఈమధ్య ఏమిటో, తెలీకుండానే కన్ను మూతపడిపోయేది. అయినా పర్లేదండి. పొద్దున్న చూస్తే సంచి ఖాళీగా, శుభ్రంగా ఉండేది. లోపల నయమవుతోంది."

ఆ చివరి మాట అన్నప్పుడు ఆమె ముఖం కళకళలాడింది. ఆ ఆశ అబద్ధమేమో అనిపించి పద్మశ్రీకి ఆ ముఖం వంక చూడబుద్ధి కాలేదు. ముఖం కడుక్కోవాలని పెరటి స్నానాలగదికి వెళ్లింది.

తిరిగొచ్చి నవ్వుతూ చెప్పింది. "జుట్టు సర్దుకుందామంటే గూని పట్టేలా ఉందండి. అద్దం నడుమెత్తున తగిలించేరు. మేకు కొత్తది. ఇంట్లో పిల్లలా, లేరు."

"నిటారుగా నిలబడితే అందులో ఏం కనిపించింది?"

"నా పొట్టండి."

దేవసహాయం నవ్వలేదు. ఆమె భుజం తట్టి సోమేశ్వరరావు గదిలోకి నడిచాడు.

పెద్దాయన పలచబడిపోయి ఉన్నాడు. కళ్ల కింద నలుపు. అయినా వచ్చినవాళ్లకి కొబ్బరిబొండాలు కొట్టించమని కేకేశాడు.

"నిద్ర పడుతోందాండి?"

"మాత్ర పుణ్యమాని హాయిగా పడుతోందండి."

"రాత్రి ఇక్కడ వాన గట్టిగా పడిందా?"

"ఎక్కడండీ! అర్ధరాత్రి దాటేక రెండు చినుకులు రాలి పోయింది. కొబ్బరాకు కూడా తడవలేదు."

పద్మశ్రీ ఉలిక్కిపడి దేవసహాయం వైపు చూసింది. ఆయన మాట మార్చి కొబ్బరి ధర అడిగాడు. తరవాత అందరినీ ఆ గదిలోకే రమ్మన్నాడు.

"బావగారి ఎదుటా?" అన్నాడు దొరబాబు గుమ్మంలో ఆగి.

"బావగారి ఎదుటేనండి. ఇంతదాకా వచ్చిందే ఆయనకి చెప్పకపోవడం వల్ల."

అందరూ సర్దుకున్నాక దేవసహాయం మెల్లిగా మొదలుపెట్టాడు. "సోమేశ్వరరావుగారూ, మీ ఆవిడ కాలు జారి పడలేదు. ఆవిడ ఒంట్లో నిద్రమందు ఉంది. మీ కోడలే పెట్టిందని ఈ ఇల్లు అనుకుంటోంది."

పెద్దాయన దిండు మీంచి లేచి కోడలి వంక చూశాడు.

"అందరూ తిన్న కూట్లో మందుంటే అందరూ తూలాలి. ఆవిడొక్కరే తాగేది ఒక్కటుంది, మీ గ్లాసులో మిగిలిన మజ్జిగ. కోడలు కలిపినప్పుడే మందుంటే ముందు నిద్రపోవాల్సింది మీరు. మీరు నిద్రపోలేదు. రెండు చినుకులు రాలింది కూడా విన్నారు. మాత్రలు మాత్రం అయిపోతున్నాయి. అంటే మీరు తాగేక, ఆవిడ తాగకముందు, ఆ గ్లాసులో మాత్ర పడుతోంది. ఆ మధ్యలో గ్లాసు మీ చేతిలోనే ఉంది."

"బావగారేంటండీ! మతిగాని పోయిందా?" దొరబాబు లేచాడు.

"కూర్చోండి. ఆవిడ పడుకున్నాక పొద్దున్నకి సంచి ఖాళీగా ఉంటోంది. నయమై కాదమ్మా. ఎవరో కడుగుతున్నారు. పొట్ట మీద సంచి సరిగ్గా అతుక్కుందో లేదో తలవంచితే కనపడదు. నడుమెత్తున అద్దం కావాలి. అది మీ పెరటి స్నానాలగదిలో ఉంది."

సోమేశ్వరరావు తువ్వాలు ఒళ్లో నలుపుతూ అన్నాడు. "ఆస్పత్రిలో నర్సమ్మ నేర్పిందండి. నా రోత దీని చేత ఎత్తించలేక... పోనీ పడుకోమంటే పడుకోదు. రాత్రంతా ఆ కుర్చీలో కళ్లు చించుకుని కూర్చునేది. అలాగే పోతుందేమోనని భయం వేసింది. డాక్టరుగారు నాకు రాసిందే కదా, దీనికి మాత్రం ఏం చేస్తుందిలే అని చెంచాతో నూరి కలిపేను. నిద్రపోతుందనుకున్నానండి. నీళ్లల్లో పడుతుందనుకోలేదు." కోడలివైపు తిరిగాడు. "నీ మీద పెట్టేరని నాకు తెలీదమ్మా. తెలిస్తే ఊరుకునేవాణ్ణా?"

"అడిగితే పడుకోనా?" అంది సత్యవేణి.

"ఎన్నిసార్లు అడిగేను, వేణీ?"

"నయమవుతోందనుకున్నాను," అంది ఆమె. చెయ్యి చాచి కోడలి చెయ్యి పట్టుకుంది.

"ఒకరికి రాసిన మందు ఇంకొకరికి పట్టకూడదండి," అన్నాడు దేవసహాయం. "మిగిలిన మాత్రలు డాక్టరుగారికి చూపించి, జరిగింది చెప్పండి. మీకు నిద్ర పట్టని సంగతీ చెప్పండి. ఆవిడకి పట్టని సంగతీ చెప్పండి."

దొరబాబు లేచి జ్యోతిర్మయి ముందు నిలబడ్డాడు. "అమ్మాయ్, పాపిష్టి మాట అన్నాను."

"నాకు కాదండి. మావారికి చెప్పండి."

అతను ఫోను పట్టుకుని అరుగు మీదికి వెళ్లాడు. జ్యోతిర్మయి మామగారి మంచం దగ్గర కూర్చుంది. "సంచి మార్చడం నాకు నేర్పండి మావయ్యగారూ. ఒక రాత్రి మీరు, ఒక రాత్రి నేను."

"నువ్వా? వద్దు తల్లీ, నువ్వు ఆడపిల్లవి."

"మీ అబ్బాయి ఇక్కడుంటే నేర్పరా?"

పెద్దాయన తువ్వాలు ముఖానికి కప్పుకున్నాడు. లోపల్నుంచే "సరే" అన్నాడు.

పద్మశ్రీ కళ్లు తుడుచుకుని చూసేసరికి, మంచం కాళ్లవైపు కూర్చున్న సత్యవేణి గోడకి ఒరిగిపోయి ఉంది. కోడలి చెయ్యి ఇంకా వదల్లేదు. ఊపిరి నెమ్మదిగా, నిండుగా వస్తోంది.

జ్యోతిర్మయి ఫోను మోగింది. మస్కట్ నంబరు. రెండో చేత్తో గబుక్కున తీసింది. అవతల మగగొంతు కంగారుగా, గట్టిగా ఏదో చెప్పబోయింది.

"కాస్త మెల్లిగా మాట్లాడండి," అంది జ్యోతిర్మయి. "అత్తయ్యగారు నిద్రపోతున్నారు."