టిక్కు మార్కుల పెద్దమనిషి

ఆరోగ్యశాఖ పంపిన ఆ యువకుణ్ణి చూడగానే డాక్టరమ్మకు ఒళ్లు మండింది.

"కంప్యూటర్లో ఎక్కిస్తే బహుమతా?" అతనిచ్చిన కాగితాన్ని రెండు వేళ్లతో పట్టుకుని అడిగింది. "హోంవర్క్ చేస్తే చాక్లెట్ అన్నమాట."

"బహుమతి కాదండీ, ప్రోత్సాహకం. పేషెంట్ల వివరాలు ఇందులో ఎక్కిస్తే నేను వచ్చి చూసి సర్టిఫై చేస్తాను."

"ఎక్కించకపోతే?"

"వచ్చే ఏడాది నుంచి శాఖ మీకిచ్చే డబ్బులో కోత."

"ఒక చేత్తో చాక్లెట్, ఇంకో చేత్తో బెత్తం. మీ శాఖకి పిల్లల్ని పెంచడం బాగానే వచ్చు!"

మందులు సర్దుతున్న పిన్ని కిసుక్కున నవ్వింది. డాక్టరమ్మను పెంచి పెద్దచేసిందీ, ఇప్పుడు ఆ క్లినిక్‌లో నర్సుగా ఉన్నదీ ఆవిడే. ఆ సాయంత్రమే అతనికి 'టిక్కుమార్కు' అని పేరు కూడా పెట్టేసింది.

టిక్కుమార్కు నేర్పడానికి రోజూ వచ్చేవాడు. డాక్టరమ్మ రోజూ దులిపేసేది.

"ఆరు నెలల పాపకి సిగరెట్ అలవాటుందా అని అడుగుతోంది మీ సాఫ్ట్‌వేర్. ఏం రాయమంటారు? ఈమధ్యే మానేసిందని రాయనా?"

అతను పగలబడి నవ్వాడు. నవ్వి ఊరుకోలేదు, రాసుకుని వెళ్లాడు. వారం తిరిగేసరికి పసిపిల్లల ఫారంలో ఆ ప్రశ్న మాయమైంది. డాక్టరమ్మ అది గమనించింది, మెచ్చుకోలేదు.

"ఒక తెలివితక్కువతనం తగ్గింది. ఇంకా తొంభై తొమ్మిదున్నాయి."

ఒకరోజు వానలో ముద్దయి వచ్చాడు. ల్యాప్‌టాప్ మాత్రం చొక్కా కింద పొడిగా ఉంది.

"మనిషి ఏమైపోయినా సరే, మిషన్ తడవకూడదు! అబ్బో, ఎంత ప్రేమో!"

"ప్రేమ మిషన్ మీద కాదండీ..." అనేసి, నాలిక కరుచుకున్నాడు. ఆమె తువ్వాలు విసిరేసి గబగబా కిటికీ మూయడానికి వెళ్లింది. ఆ కిటికీ అప్పటికే మూసి ఉంది.

అంతా సవ్యంగా సాగేదేమో. కానీ మర్నాడు ఒక వడ్రంగి చీము పట్టిన చేతి గాయంతో వచ్చాడు. వీధి చివరి పెద్ద క్లినిక్ వాళ్లు ఎక్కించిన అతని రికార్డు తెర మీదికొచ్చింది. 'పడని మందులు: లేవు' అని ఉంది. డాక్టరమ్మ సిరంజిలోకి మందు తీసుకుంది. అలవాటు కొద్దీ మందు పేరు చెప్పి, పడుతుందా అని మళ్లీ అడిగింది.

"ఆ మందు మాత్రం వద్దమ్మా! పోయినసారి గొంతు వాచి చావు తప్పింది. ఆ డాక్టరుగారికి చెప్పాను కూడా!"

ఆమె సిరంజి పక్కన పడేసింది. రికార్డు అడుగున సర్టిఫై చేసినవాడి పేరు చూసింది. టిక్కుమార్కే.

సాయంత్రం అతను గుమ్మంలో అడుగు పెట్టాడో లేదో, అడిగింది.

"ఆ క్లినిక్‌కి వెళ్లి చూశారా?"

"నెలాఖరండీ... ముప్పై క్లినిక్‌లున్నాయి. ఆఫీసులో కూర్చుని స్క్రీన్ మీద చూశాను. అన్నీ నిండి ఉన్నాయి, సంతకం పెట్టాను."

"నిండి ఉన్నాయా! ఆ క్లినిక్ వాళ్లు అందరికీ 'లేదు, లేదు, లేదు' అని కొట్టించారు, మీ ప్రోత్సాహకం కోసం. నేను అడక్కపోయుంటే ఈపాటికి ఆ మనిషి ఉండేవాడా? పసిపాప సిగరెట్లు లెక్కపెట్టడం వచ్చు గానీ, వెళ్లి చూడటం రాదా మీకు? వెళ్లండి. మళ్లీ రాకండి."

అతను వెనుదిరిగి వెళ్లిపోయాడు.

పది రోజులు గడిచాయి. డాక్టరమ్మ స్టెతస్కోప్ మీద కూడా విసుక్కుంటోంది.

"ఎవరి మీది కోపమే అది?" అంది పిన్ని.

"నా జోలికి రాకు పిన్నీ."

పదకొండో రోజు పేషెంట్ల వరసలో టోకెన్ పట్టుకుని కూర్చున్నాడు టిక్కుమార్కు. మొహం పీక్కుపోయి ఉంది.

"ఏమిటి బాధ?" అతని వంతు రాగానే తలెత్తకుండా అడిగింది.

"ఆ క్లినిక్ పేషెంట్ల ఇళ్లకి వెళ్లి అడిగాను. తర్వాత మిగతావీ చూస్తే, అలాంటి క్లినిక్‌లు ఇంకో మూడు తేలాయి. సర్టిఫికెట్లు రద్దు చేయమని రాశాను. చూడకుండా సంతకం పెట్టింది నేనేనని కూడా రాశాను. ఆ రికార్డులన్నిటికీ ఎర్ర హెచ్చరిక తగిలించారు. ఇక వాటిని నమ్మి ఎవరూ ఇంజెక్షన్ ఇవ్వరు."

"మరి మిమ్మల్ని?"

"పథకం పరువు తీశానని పాత ఫైళ్ల గోడౌన్‌కి వేశారు."

"భేష్! అబద్ధం రాసినన్నాళ్లూ సంతకాలు, నిజం రాయగానే గోడౌను. మీ శాఖకి నా దండాలు చెప్పండి." వెటకారంగానే అంది గానీ, తన మంచినీళ్ల గ్లాసు అతని ముందుకు జరిపింది.

"మీ మెప్పు కోసం చేయలేదండీ. వడ్రంగిని తలుచుకుంటే నిద్ర పట్టలేదు." చేతిలోని టోకెన్ మడిచాడు. "కానీ ఇక్కడికొచ్చింది మాత్రం మీ కోసమే. మీరంటే నాకిష్టం. రోజూ తిట్టినా సరే, మీ మాట వినకుండా ఉండలేకపోతున్నాను."

తెర వెనక సీసా ఏదో కింద పడిన చప్పుడైంది. పిన్ని అక్కడే ఉందన్నమాట.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టి, మొదటిసారి అతని కళ్లలోకి సూటిగా చూసింది.

"రేపు ఆదివారం. మీ అమ్మానాన్నల్ని తీసుకుని మా ఇంటికి రా."

"ఎందుకండీ?"

"ఎందుకా? మన పెళ్లి మాటలు మా పిన్ని గోడలతో మాట్లాడాలా? ఇంత చదివావు, అది కూడా నేనే నేర్పాలా నీకు?"

అతను గబగబా నాలుగైదుసార్లు తల ఊపాడు.