ఆవిడకి నచ్చిన రాయి

కాఫీ కప్పులు ఇంకా తీయనే లేదు, మాస్టారు బల్ల మీద టైల్సు పరిచేశారు.

"రండి, రండి. అందరూ రండి. టిఫిన్ ఎక్కడికీ పారిపోదు."

మాస్టారంటే డ్రాయింగు మాస్టారు. ఉద్యోగం నుంచి రిటైరై చాలాకాలమైనా ఇంట్లో మాత్రం ఇంకా రిటైరవలేదు. కొత్త ఇల్లు మొదలుపెట్టిన రోజునే ఆయన ఒక పద్ధతి పెట్టారు. గచ్చు కానివ్వండి, గోడల రంగు కానివ్వండి, తలుపు గొళ్ళెం కానివ్వండి, ముందు శాంపిల్ ముక్కలు ఈ బల్ల మీదకి రావాలి. ఇంట్లోవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి తమకి నచ్చింది చూపించాలి. ఎందుకు నచ్చిందో చెప్పాలి. ఆయన పదికి మార్కులు వేస్తారు. అందరికీ మార్కులు వేశాక తనకి నచ్చింది కొంటారు. ఇంటిల్లిపాదినీ ఇలా అడిగి కట్టేవాళ్ళు ఎవరున్నారని ఎదురు అడుగుతారు కూడా.

ఆ రోజు ముందుగా కోడలి స్నానాలగది వంతు వచ్చింది. ఆ అమ్మాయి బూడిదరంగు టైలు మీద వేలు పెట్టింది.

"ఇదా! ఎందుకూ?"

"మురికి కనపడదు కదా మావయ్యా."

"మురికి కనపడకపోతే పోయినట్టేనా? కడగడానికి బద్ధకమని ఒక్క ముక్కలో చెప్పరాదూ! పదికి ఒకటి. ఆ ఒక్కటీ కుర్చీలోంచి లేచొచ్చినందుకు."

శాంపిళ్ళ పెట్టెతో గుమ్మంలో నిలబడ్డ టైల్స్ షాపు మనిషి నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు. కోడలి మొహం కందగడ్డైంది. ఆమె మొగుడు, అంటే మాస్టారి కొడుకు, ఫోనులోకి తల దూర్చేశాడు.

"తెల్లది వేయిస్తాను. కాస్త శుభ్రం అలవాటవుతుంది," అని తీర్పు చెప్పి, మాస్టారు టైల్సు పక్కకి నెట్టారు. తర్వాత గొంతు సవరించుకున్నారు. ఆయన అసలు విషయం ఇంకా మొదలుపెట్టలేదు.

కొన్నాళ్ళుగా ఆయన మనసులో ఒకటి తొలుస్తోంది. పాత స్నేహితుడొకాయన ఇల్లు కట్టుకుంటే భార్యతో కలిసి చూడ్డానికి వెళ్ళారు. ఆ ఇంటి ఇల్లాలు వీళ్ళని కూర్చోనైనా కూర్చోనివ్వకుండా చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్ళింది. "ఇదంతా నా సెలక్షనే వదినగారూ! ఆయన్ని వేలు పెట్టనివ్వలేదు," అని చిన్నపిల్లలా గంతులేసినంత పని చేసింది. మాస్టారి భార్య ఏమీ అనలేదు. అక్కడి వంట గట్టు మీద అరచెయ్యి ఆనించి అలా నిలబడిపోయింది. తిరిగొచ్చే దారిలో మాస్టారికి ఉన్నట్టుండి ఒక సంగతి తట్టింది. ఇన్నేళ్ళ కాపురంలో తన భార్య తనంతట తాను "ఎంత బాగుందో!" అన్న సందర్భం ఒక్కటీ గుర్తు రావడం లేదు. అడిగితే "బాగుందండీ" అంటుంది. అడగకపోతే లేదు. ఆ మాట ఆవిడ నోట వినాలని ఆయనకి పంతం పట్టుకుంది. పంతమే అనుకున్నారు గానీ, అది ఆశ.

"ఏమోయ్, ఇలా రా," అని పిలిచారు. ఆవిడ తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "వంటిల్లు నీది. మార్కులు లేవు. గట్టుకి ఏ రాయి కావాలో, కప్‌బోర్డులకి ఏ రంగు కావాలో నువ్వే చెప్పు. నువ్వేదంటే అదే."

ఆవిడ కొయ్యబారిపోయింది. కొడుకు కూడా ఫోనులోంచి తలెత్తాడు.

"నాకేం తెలుసండీ. మీ ఇష్టం."

"నా ఇష్టం కాదంటున్నానా! నీ ఇష్టం చెప్పు."

బల్ల మీద మీగడరంగు రాయి ఒకటి, లేతాకుపచ్చ ఒకటి, తెలుపులో బూడిద చారలది ఒకటి ఉన్నాయి. ఎర్ర చుక్కల నల్లరాయి మాస్టారి చేతిలో ఉంది. దాని అంచు చిట్లినట్టుంటే ఆయన బొటనవేలితో రుద్ది చూస్తున్నారు. ఆవిడ రాళ్ళకేసి చూసింది. ఆయన చేతికేసి చూసింది.

"అదండీ," అంది.

"ఏదీ, ఈ నల్లదా?"

"ఊఁ. ఆ ఎర్ర చుక్కలూ అవీ... బాగుంది."

"మరి కప్‌బోర్డులకి?"

ఇంత ముదురెరుపు ఎవడు కొంటాడ్రా అనుకుంటూ ఆయన కప్‌బోర్డు రంగుల్లో ఒక ముక్క వంక చూస్తున్నారు. ఆవిడ ఆ ముక్కే తీసి ఆయన చేతికిచ్చింది. ఇంకొకరు ఎంచి ఉంటే మాస్టారు ఆ ఎంపికకి సున్నా వేసి, పై నుంచి గోడకుర్చీ వేయించేవారు. మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. దాన్ని మింగేశారు. ఆయన జీవితంలో మింగిన మొదటి మాట అదే అయ్యుంటుంది. అందుకు ఎవరైనా మెచ్చుకోవాల్సిందే. ఇతరులకి ఆ శ్రమ లేకుండా ఆయనే తనని తాను మనసారా మెచ్చుకున్నారు.

ఆ రోజు నుంచి కొత్తింటి వంటగదిలోకి ఎవరూ రాకూడదని ఆంక్ష పెట్టారు. పొద్దున్నే వెళ్ళి మేస్త్రీ నెత్తిన కూర్చునేవారు.

"ఉన్నది ఒక్కటే కిటికీ సార్. అదీ ఎండ రాని వైపు. ఈ రాయి పెడితే పట్టపగలు కూడా లైటు వేసుకోవాలి," అన్నాడు మేస్త్రీ.

"వేసుకుంటుంది. ఆవిడకి నచ్చిన రాయి. నీకూ నాకూ నచ్చక్కర్లేదు."

గోడకి కూడా దానికి తగ్గ ముదురు టైల్సే తెప్పించారు. అతుకులు కనపడకుండా దగ్గరుండి చేయించారు. గట్టు మీద సిమెంటు మరకలు తనే నడుం వంచి తుడిచారు. ఆ గది రోజురోజుకీ ఆయన కంటికి కారం కొట్టినట్టు ఉండేది. అది ఎంత అసహ్యంగా తయారైతే భార్య మీద తన ప్రేమ అంత పెద్దదిగా కనపడేది ఆయనకి. ఒక్కడూ నిలబడి, ఆవిడ గుమ్మంలోకి రాగానే మొహం ఎలా వెలుగుతుందో ఊహించుకునేవారు.

పనంతా అయ్యాక ఒక ఉదయం అందరినీ తీసుకెళ్ళారు. ఇల్లంతా గోడలకి పట్టిన లప్పం వాసన. మేస్త్రీ బయట మెట్లకి మెరుగులు దిద్దుతున్నాడు. కోడలు తన స్నానాలగదిలోకి తొంగిచూసి, మొగుడి వైపు తిరిగి కళ్ళతో నవ్వింది. మాస్టారు అది చూడలేదు. భార్యని భుజం పట్టుకుని వంటింటి గుమ్మం దాకా నడిపించి, తలుపు తోశారు.

"ఊఁ, చూడు!"

ఆవిడ లోపలికి అడుగుపెట్టింది. పట్టపగలే మునిమాపులా ఉంది. గట్టు ఎక్కడ మొదలవుతుందో తెలియక చెయ్యి చాచి తడుముకుంది. చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"బాగుందండీ," అంది.

ఎప్పుడూ అనే మాటే. ఎప్పుడూ అనే గొంతే.

"అంతేనా?"

"చాలా బాగుంది. మీరు చేయిస్తే బాగోకపోవడమేంటి?"

"నేను చేయించడమేంటే! నువ్వు అడిగిందే కదా!"

"అత్తయ్యా, ఇందులో కూరలో పురుగు కనపడుతుందా మీకు?" అంది కోడలు ఉండబట్టలేక. "అసలే చూపు ఆనట్లేదంటున్నారు. బాగుందంటారేంటి?"

"నువ్వు ఊరుకో అమ్మా," అని ఆవిడ కంగారుపడింది.

మాస్టారు ఒంటికాలి మీద లేచారు. "ఎందుకూరుకోవాలి? చెప్పనీ! నెలల తరబడి ఇక్కడ గొడ్డులా చాకిరీ చేశాను. నా కళ్ళు పోయేలా ఉన్నా సరే, నీకు నచ్చిందని కిమ్మనకుండా వేయించాను. ఒక్కసారి, ఒక్కసారి మనస్ఫూర్తిగా నవ్వడానికి కూడా ఇంత పీనాసితనమా? మనిషికి అభిరుచి లేకపోతే పోనీ, విశ్వాసమైనా ఉండాలి!"

ఆవిడ మెల్లిగా తలెత్తింది.

"మీ కళ్ళు పోయేలా ఉందా?" అని అడిగింది. "అంటే... మీకు నచ్చలేదా ఇది?"

"నాకా? ఇది నచ్చడానికి నాకేమన్నా పిచ్చా?"

ఆవిడ గట్టు పట్టుకుంది. నవ్వో ఏడుపో తెలియని చప్పుడొకటి వచ్చింది ఆవిడ గొంతులోంచి.

"నాకూ నచ్చలేదండీ. చూస్తేనే వెలపరంగా ఉంది. నెత్తురు గడ్డకట్టినట్టు ఉంది. ఇందులో నిలబడి వండే బదులు ఇప్పుడుంటున్న ఆ అద్దె ఇంటి మసిగూట్లో పడుండటం నయం."

"మరి ఎందుకు చెప్పావే!"

"మీకు నచ్చిందనుకుని! మీకు ఏదన్నా నచ్చితే బొటనవేలు దాని మీద ఆడుతుంది. పెళ్ళైన కొత్తలోనే కనిపెట్టాను. ఆ రోజు ఆ రాయి మీద ఆడింది."

"చిట్లిందేమోనని చూశానే! వెనక్కి పంపేద్దామని!"

ఎవరూ నవ్వలేదు. మాస్టారు కొడుకు వైపు తిరిగారు. "విన్నావట్రా మీ అమ్మ తెలివి?"

"అమ్మొక్కతే కాదు నాన్నా," అన్నాడు కొడుకు నేల చూపులు చూస్తూ. "మేమందరం అంతే."

"అంటే?"

జవాబు కోడలు చెప్పింది. "నాకు స్నానాలగదికి మొదట్నుంచీ కావాల్సింది తెల్ల టైలే మావయ్యా. తెల్లది అడిగితే హాస్పిటలా అంటారు. అందుకని బూడిదరంగు చూపించాను. నాకు కావాల్సిందాన్ని మీ చేతే వేయించుకోవాలంటే షాపు మనిషి ముందు బద్ధకస్తురాల్ని అనిపించుకోవాలి. అనిపించుకున్నాను. అత్తయ్యకి ఆ గడుసుతనం లేదు. మీకు నచ్చింది కనిపెట్టి అదే అంటారు పాపం. ఈ ఇంట్లో ఎవరూ మీకు నిజం చెప్పరు మావయ్యా. నిజం చెప్తే మీరు వెక్కిరిస్తారు."

మాస్టారు భార్యకేసి చూశారు, కాదని అంటుందేమోనని.

"కాపురానికొచ్చిన కొత్తలో పసుపుపచ్చ కర్టెన్లు కుట్టాను," అంది ఆవిడ. "మా ఆవిడ కిటికీలకి కామెర్లొచ్చాయి చూడండి అని వచ్చిన ప్రతివాళ్ళకీ చూపించారు. వాళ్ళు నవ్వేవారు. నేను వాళ్ళకి కాఫీలిచ్చేదాన్ని. కర్టెన్లు చిరిగిపోయాక కూడా ఆ కథ చెప్పడం మానలేదు మీరు. అప్పట్నుంచి నాకెందుకొచ్చిన గొడవ అనుకున్నాను."

"అది వేళాకోళం..." అని నసిగారు మాస్టారు. ఆపైన, అడగకూడదని తెలిసీ అడిగారు. "మరి నా బొమ్మలు? ఏ బొమ్మ వేసినా ముందు నీకే చూపించేవాణ్ణి కదా. బాగుందనేదానివి."

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. జాలిపడి అబద్ధం చెప్పగలదు. ఇన్నేళ్ళూ చెప్పింది. ఈసారి ఓపిక లేకపోయింది.

"ముందు మీ మొహం చూసేదాన్ని. మీరు మురిసిపోతుంటే బాగుందనేదాన్ని. చిరాగ్గా ఉంటే పర్వాలేదనేదాన్ని. బొమ్మకేసి ఎప్పుడూ సరిగ్గా చూళ్ళేదండీ."

మాస్టారు అక్కడే, సిమెంటు బస్తా మీద కూలబడ్డారు. బతుకంతా ఆయన మురిసిపోయిన మెప్పంతా ఆయన మొహాన్నే ఆయనకి చూపించిన అద్దమని తేలిపోయింది. కొడుకు మంచినీళ్ళ సీసా అందించబోతే వద్దని చెయ్యి ఊపారు. చాలాసేపటికి లేచారు.

"సరే. పీకించేస్తాను. మొత్తం పీకించేస్తాను. నీకేది కావాలో చెప్పు."

పోల్చి చూసుకోవడానికి తెచ్చుకుని మూలన పడేసిన శాంపిల్ ముక్కలు తీసి గట్టు మీద వరసగా పేర్చారు. ఆవిడ వాటి మీదకి వంగింది. కళ్ళు మాత్రం ఆయన చేతుల మీదే ఉన్నాయి. అది గమనించి ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నారు. ఆవిడ చూపు ఆయన మొహం మీదకి వెళ్ళింది. మాస్టారు గిరుక్కున తిరిగి గోడ వైపు మొహం పెట్టి నిలబడ్డారు. బడిలో తప్పు చేసిన పిల్లల్ని ఆయనే అలా నిలబెట్టేవారు.

వెనక రాయి మీద రాయి పెట్టిన చప్పుడు. ఒకటి తీసింది. పెట్టేసింది. ఇంకొకటి తీసింది. పెట్టేసింది.

"ఏదైనా సరే చెప్పు. నేనేమీ అనను," అన్నారాయన గోడతో.

తిరిగి చూస్తే ఆవిడ రెండు చేతుల్లోనూ రెండు ముక్కలు పట్టుకుని, ఏడుస్తోంది. కోడలు దగ్గరికెళ్ళి పట్టుకుంది.

"నాకు తెలియట్లేదండీ," అంది ఆవిడ. "నిజంగా తెలియట్లేదు. నాకు ఏ రంగంటే ఇష్టమో నాకే తెలీదు. ఎంత ఆలోచించినా ఇది మీకు నచ్చుతుందా, అది మీకు నచ్చుతుందా అనే వస్తోంది."

రాయి పీకించవచ్చు, కప్‌బోర్డులు విరగ్గొట్టించవచ్చు. ఇది ఎవరి చేత బాగుచేయించాలో ఆయనకి తెలియలేదు. "నేనూ..." అని ఏదో అనబోయారు. ఆ "నేను"తో మొదలయ్యే మాట మధ్యలోనే ఆగిపోయింది. రెండడుగులు వేసి భార్య భుజం మీద చెయ్యి వేశారు. ఆవిడ తోసెయ్యలేదు. ఆ చేతిని తన చేత్తో కాసేపు పట్టుకుంది కూడా.

"మీరు కాసేపు బయటుండండి," అంది కళ్ళు తుడుచుకుంటూ. "కోపంతో కాదు. మీరుంటే నాకు మీ ఇష్టమే గుర్తొస్తోంది."

ఆయన తలాడించి బయటికి నడిచారు. ఎండలో పై మెట్టు మీద కూర్చున్నారు. కొడుకు కూడా వచ్చి, కింద మెట్ల దగ్గరున్న మేస్త్రీతో ఏదో చెప్పి వెళ్ళాడు. లోపల అత్తా కోడళ్ళ మాటలు సన్నగా వినపడుతున్నాయి. ఏమంటున్నారో వినపడటం లేదు. లేచి వెళ్ళి వినాలని కాళ్ళు లాగుతున్నాయి. వెళ్ళలేదు. ముక్కు మీదుగా జారుతున్న కన్నీళ్ళు తుడుచుకోవాలని కూడా తోచలేదు ఆయనకి.

మేస్త్రీ తాపీ పక్కన పెట్టి దగ్గరికొచ్చాడు.

"గట్టు పీకాలంటున్నారట, అబ్బాయిగారు చెప్పారు. మరి కొత్తది ఏ రాయి వెయ్యమంటారు సార్?"

"నాకు తెలీదయ్యా," అన్నారు మాస్టారు. "ఆవిడ ఇంకా చూస్తోంది."