నిదానమ్మ ఎక్కడుంది?

"మీ నత్త చచ్చిపోయినట్టుంది," అంది పక్కింటి పిల్ల, మా చేపల తొట్టి అద్దానికి ముక్కు ఆనించి.

"నోర్ముయ్. అది నిద్రపోతోంది."

అన్నానే గాని, నేనూ అద్దం దగ్గరికి వంగి చూశాను. తొట్టి అడుగున, గులకరాళ్ల మధ్య, నత్త మూత బిగించుకుని పడి ఉంది. ఎప్పటినుంచి అలా ఉందో నాకు తెలీదు.

అది మా అక్క నత్త. పేరు నిదానమ్మ. అక్క చదువు కోసం హాస్టల్‌కి వెళ్తూ తొట్టిని నాకు అప్పగించింది. అప్పుడు నాకు పదేళ్లు. అప్పట్లో వారానికో ఉత్తరం వచ్చేది. ప్రతి ఉత్తరం చివరా అక్క ఒకటే అడిగేది: "నిదానమ్మ ఇప్పుడు ఎక్కడుంది?"

ఇదేం ప్రశ్న, తొట్టి దాటి ఎక్కడికి పోతుంది అనుకునేదాన్ని. "బాగుంది. అద్దాలు తళతళ మెరుస్తున్నాయి" అని రాసి పోస్టు చేసేదాన్ని.

మెరవడం మాత్రం నిజమే. నాకు శుభ్రం పిచ్చి. ఇంట్లో అందరూ నన్ను శుభ్రమ్మ అనేవారు. బడి నుంచి రాగానే స్పాంజి పట్టుకుని నాలుగు అద్దాలూ రుద్దేసేదాన్ని. అక్క ఉన్నప్పుడు వెనక అద్దం పచ్చగా పాచి పట్టి ఉండేది. తను ఎప్పుడూ తుడిచేది కాదు. బద్ధకం అనుకునేదాన్ని.

అమ్మని కేకేశాను. అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి, నత్తని తీసి నా అరచేతిలో పెట్టింది.

"వాసన చూడు."

"ఛీ, అమ్మా!"

"చచ్చిన నత్తయితే ఈపాటికి ముక్కు మూసుకునేవాళ్లం. చూడు."

కళ్లు గట్టిగా మూసుకుని వాసన చూశాను. తడి రాయి వాసన. అంతే. ఇప్పటికీ స్పాంజి చేతికి తగిలితే నాకు ఆ వాసనే గుర్తొస్తుంది.

"బతికే ఉంది," అంది అమ్మ. "ఎంత తేలికైపోయిందో! ఏం తింటోంది ఇది?"

"చేపలకు వేసే గింజలు..."

"మన చేపలు ఒక్క గింజైనా కిందికి పోనిస్తాయా?"

తొట్టి వంక చూశాను. అక్క ఉన్నప్పుడు ఆ పచ్చటి పాచిలో సన్నటి గీతలుండేవి, పెన్సిల్‌తో గీసినట్టు. నిదానమ్మ మేసుకుంటూ పోయిన దారులవి. రోజూ దాని కంచాన్ని నేనే కడిగేస్తున్నాను, అన్నంతో సహా.

నాకు ఏడుపొచ్చింది.

"నేనెవరికీ చెప్పనులే," అంది పక్కింటి పిల్ల, హత్య చూసినదానిలా.

అమ్మ దోసకాయ ముక్క మెత్తగా ఉడికించి, చల్లార్చి, రాయి కట్టి నీళ్లలోకి దించింది. నేనూ పక్కింటి పిల్లా స్టూళ్లు వేసుకుని కూర్చున్నాం. పక్కింటావిడ కూతుర్ని రెండుసార్లు పిలిచింది. ఆ పిల్లా కదల్లేదు, నత్తా కదల్లేదు.

కిటికీలో ఎండ తగ్గుతుండగా మూత కొంచెం తెరుచుకుంది. ఒక కొమ్ము బయటికొచ్చింది. తర్వాత రెండోది.

"అరవకే!" అని పక్కింటి పిల్ల నా నోరు మూసేసింది.

ఆ రోజు నుంచి స్పాంజి ముందు అద్దానికే. వెనక్కి వెళ్లాలని చేతులు ఒకటే దురద. వాటిని వీపు వెనక కట్టుకుని నిలబడేదాన్ని. పదిరోజులకు వెనక అద్దానికి లేత పచ్చరంగు వచ్చింది.

అప్పుడు ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. శుభ్రమ్మ చేసిన పనంతా, ఏమీ దాచకుండా రాశాను. చివర్లో ఆగి, స్కేలు తీసుకుని తొట్టి దగ్గరికి వెళ్లొచ్చాను.

"అక్కా, నిదానమ్మ ఇప్పుడు వెనక అద్దం మీద ఉంది. ఎడమ మూల నుంచి పన్నెండు సెంటీమీటర్లు. ఉండు..."

మళ్లీ వెళ్లి చూసొచ్చాను.

"పదమూడు."