కృష్ణుడి పద్యానికి ఆగిపోయే కంప్యూటర్

"మళ్ళీ పోయిందా?" అంది రక్షిత.

"పోలేదు మేడమ్. దుమ్ము పట్టుకోనుండాది, అంతే," అన్నాడు శశికుమార్, గబుక్కున ప్లగ్ పీకేస్తూ.

పొద్దున్నుంచీ ఇదే తంతు. రక్షిత తండ్రి వెంకటరామప్ప గొంతు సవరించుకుని మైకు ముందు కృష్ణుడి పద్యం ఎత్తుకుంటాడు. పద్యం సగానికి రాగానే కంప్యూటర్ తెర నీలంగా మారిపోతుంది. శశి ఉరికి ప్లగ్ పీకుతాడు. తర్వాత మూత విప్పి, సైకిల్ పంపుతో లోపలంతా గాలి కొట్టి, మళ్ళీ మొదలుపెడదాం అంటాడు.

కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో, కోరమండల్ పేటలో పాత గని కార్మికుల ఇల్లొకటి శశి స్టూడియో. రేకుల కప్పు, తలుపుకి కంబళి, గోడలకి దూది పరుపులు. ఆటోలో తిప్పే ప్రచారాలూ జాతర అనౌన్సుమెంట్లూ అక్కడే తయారవుతాయి. ఆ కంప్యూటర్‌ని ఒక్కో ముక్కా కొని తానే జోడించుకున్నాడు మరి! దాన్ని ఎవరైనా ఒక్క మాటంటే చాలు, అబ్బాయిగారికి ఒళ్ళు మండుతుంది.

పైగా కేజీఎఫ్‌లో పుట్టినవాడు. అక్కడ మిక్సీ మొరాయించినా, ఫ్యాను ఆగినా, నేరం గని మట్టి దిబ్బల మీది దుమ్ముదే. తాత అదే చెప్పాడు, తండ్రి అదే చెప్పాడు. శశి ఇంకోలా ఎందుకనుకుంటాడు?

"సార్, మా నాయనకి సోమవారం గొంతు ఆపరేషన్," రక్షిత గొంతు తగ్గించి అంది. "గడ్డ తీసేస్తారంట. తీసినాక పై రాగం అందకపోవచ్చని డాక్టరు ముందే చెప్పినాడు. ఈయన దినమంతా మొదటి నుంచి పాడతా ఉంటే, రికార్డు చేసేదానికి గొంతే మిగలదు."

ఆ గొంతు శశికి బాగా తెలుసు. బేతమంగళ చుట్టుపక్కల ఎక్కడ నాటకం కట్టినా కృష్ణుడి పార్టు వెంకటరామప్పదే. చిన్నప్పుడు శశి కూడా తెల్లారేదాకా కూర్చుని చూసినవాడే. తండ్రీకూతుళ్ళు ముందు ఇంట్లోనే ఫోన్లో రికార్డు చేసి చూశారట, రాగం పైకి వెళ్ళగానే గొంతు చిట్లినట్టు వినిపించిందట. అందుకే ఇక్కడికి వచ్చారు.

"ఈసారి బాగా తుడుస్తా మేడమ్," అన్నాడు పంపు అందుకుంటూ.

"ఆ పంపు కింద పెట్టండి. పాటలు పెట్టినప్పుడు ఇది ఆగుతాదా?"

"లేదు."

"సినిమా చూసేటప్పుడు?"

"లేదు మేడమ్."

"అయితే మీ దుమ్ముకి మా నాయన పద్యమంటేనే పడదా?"

వెంకటరామప్ప వేణ్ణీళ్ళు తాగుతూ ఫక్కున నవ్వాడు. శశికి రోషం పొడుచుకొచ్చింది.

"మీరు మైకులో ఏదో ఒకటి మాట్లాడండి, ఆగనీండి," అంది ఆమె. "ప్లగ్ మాత్రం ముట్టుకోవద్దు."

"కాలిపోతాది మేడమ్!"

"కాలదు. పడిపోయే ముందు ఎందుకు పడిపోయిందో అదే రాసి చూపిస్తాది. మీరు చదవకుండానే పీకేస్తా ఉండారు."

అన్నట్టే కాసేపటికి తెర నీలమైంది. శశి చేతులు ప్లగ్ కోసం కొట్టుకులాడాయి, బలవంతాన కట్టుకుని నిలబడ్డాడు. రక్షిత వంగి, తెర అడుగున ఉన్న చిన్న అక్షరాల్ని ఫోన్లో ఫొటో తీసింది. చెంప మీద ఆ నీలం వెలుతురు, కళ్ళల్లో ఆ పట్టుదల. శశి తెరని చూడాల్సింది పోయి ఆమెను చూస్తూ ఉండిపోయాడు. ఇంతకాలం తాను భయపడి ఆర్పేసినదాన్ని ఈ అమ్మాయి ఎంత తీరిగ్గా చదువుతోంది!

"మైకుని కంప్యూటర్‌కి కలిపే ఈ డబ్బా ఎప్పుడు తెచ్చినారు?"

"పోయిన నెల."

"దీని డ్రైవర్ యాడ నుంచి వేసినారు?"

శశి నీళ్ళు నమిలాడు. "పాత డబ్బా సీడీ ఉండింది. ఒకటే కంపెనీ కదా అని అదే..."

"దొరికినాడు దొంగ!" అంది రక్షిత. "నాయనా, ఈ డబ్బా మాట కంప్యూటర్‌కి అర్థమయ్యేట్టు చెప్పే ప్రోగ్రామే డ్రైవర్. ఈయన ఎప్పటిదో పాత డబ్బాది తెచ్చి కొత్తదానికి తగిలించినాడు. కొంచేపు మోస్తాది, ఇంగ మోయలేక కంప్యూటర్‌నే పడదోస్తాది."

"అంటే హార్మోనియం వాయించేవాణ్ణి మద్దెల ముందర కూర్చోబెట్టినాడు!" అన్నాడు వెంకటరామప్ప.

"మేడమ్, మీరు ఏం పని చేస్తారు?" శశి మెల్లగా అడిగాడు.

"బెంగుళూరు ఆఫీసులో ఇదే పని. దినామూ రైల్లో పోయి వస్తా."

"ముందే చెప్పకూడదా?"

"మీరు చెప్పనిస్తే కదా. వచ్చినప్పటి నుంచి దిబ్బల పురాణమే!"

ఆమె పాత డ్రైవర్‌ని పూర్తిగా పీకేసింది. కంప్యూటర్‌ని ఆపి, మళ్ళీ వేసి, కంపెనీ సైటు నుంచి ఈ డబ్బాకి సరైన కొత్త డ్రైవర్ తెచ్చి ఎక్కించింది. బయట మబ్బులు కమ్ముకుంటున్నాయి. వాన పడితే రేకుల మోతలో రికార్డింగు గోవిందా.

"పాడేదా పాపా?" అన్నాడు తండ్రి.

"ఉండు నాయనా. బాగయిందో లేదో తెలియకుండా నీ గొంతు ఖర్చు చేయను. సార్, మీరు మాట్లాడండి. నేను చాలనేంతవరకు ఆపొద్దు." ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంది.

శశి జాతర అనౌన్సుమెంటు మొత్తం అప్పగించాడు. చెప్పుల షాపు ప్రకటన అయిపోయింది. పశువుల సంత కూడా అయిపోయింది. ఆమె ఇంకా చెయ్యి ఊపుతూనే ఉంది. చెప్పడానికి ఏమీ మిగల్లేదు, మనసులో ఉన్నది తప్ప.

"మహాజనులకు విజ్ఞప్తి! బేతమంగళ నుంచి ఒక మేడమ్ వచ్చి ఉన్నారు. చాలా తెలివైనవారు. ఈ స్టూడియో యజమాని దుమ్ము దుమ్మని అరిచినా కోప్పడలేదు. ఆమె నీలం తెర చదువుతా ఉంటే, చూసినవాడికి మాట పడిపోయింది. ఇంతటి మనిషిని ఆయన పుట్టినప్పటి నుంచి చూడలేదు. కావున..."

రక్షిత బుగ్గలు కందిపోయాయి. వెంకటరామప్ప గ్లాసు దించి, "అదంతా రికార్డు అవుతా ఉండాదా?" అన్నాడు.

"అవుతా ఉండాది నాయనా. ఆగలేదు."

"తుడిచేయమంటారా మేడమ్?" అన్నాడు శశి, మౌసు వైపు చెయ్యి చాస్తూ.

"ఉండనీండి," అందామె తల ఎత్తకుండా. "టెస్టు చేసినట్టు సాక్ష్యం కావాల కదా."

అప్పుడు పాడాడు వెంకటరామప్ప. పద్యం మీద పద్యం, రాగం మీద రాగం, ఎక్కడా తెగలేదు, తెర రంగు మారలేదు. ఆఖరి పద్యంలో ఆయన రాగాన్ని ఎత్తి, అక్కడే నిలబెట్టి, తిప్పి తిప్పి దించుతుంటే శశికి ఒళ్ళు పులకరించింది. పక్కన రక్షిత ఏడుస్తోంది. ఆయన దణ్ణం పెట్టి మైకు వదిలాక వాన రేకుల మీద దబదబా దిగింది.

సోమవారం ఆపరేషన్ బాగా జరిగింది. ఆ తర్వాత శశికి బేతమంగళ బస్సెక్కే పని ఏదో ఒకటి తగలని ఆదివారం లేదు. ఒక ఆదివారం చెరువు కట్ట మీద రక్షితని నేరుగా అడిగేశాడు. "నాకు ఇష్టమే. ఇంగ మా నాయనని నువ్వే అడుగు," అంది ఆమె. ఆ "నువ్వు"కే సగం ప్రాణం లేచొచ్చింది శశికి.

డాక్టరు మాట్లాడొచ్చన్న వారం, రికార్డింగు పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాడు. వెంకటరామప్ప వసారాలో కూర్చుని తన పద్యాలన్నీ విన్నాడు. ఆఖరి పద్యంలో తానూ గొంతు కలిపాడు. రాగం పైకి లేచేచోట గొంతు బొంగురుపోయి ఆగిపోయింది. స్పీకర్‌లో మాత్రం ఆయనే హాయిగా పాడుకుంటూ పోయాడు.

శశి బస్సులో బట్టీపట్టిన మాటలన్నీ ఎగిరిపోయాయి. "పెద్దాయనా, ఈ దినం అడగకూడదేమో. రక్షితని నాకిచ్చి పెళ్ళి చేయమని అడిగేదానికి వచ్చినా."

"పాప ఒప్పుకున్నిందా?"

"ఒప్పుకున్నింది. మిమ్మల్ని అడగమనింది."

వెంకటరామప్ప గుమ్మంలో నిలబడ్డ కూతురి వంక చూశాడు.

"నా బిడ్డ పెళ్ళిలో నేనే పద్యం పాడాలని, అది పుట్టినప్పుడే అనుకున్నా," అన్నాడు ఆ బొంగురు గొంతుతోనే. "ఇంగ నా చేత కాదు. పందిట్లో నా గొంతు నువ్వే వినిపించాలప్పా. వినిపిస్తావా?"

"వినిపిస్తా మామా," అన్నాడు శశి.